పెంకు కదురు తవిటమ్మ

ఊ కొట్టడానికి గొంతు సిద్ధంగా ఉందా? ఉంటే వినండి. ఎప్పటి మాట అని మాత్రం అడక్కండి. ఏరు ఇప్పుడున్న చోట కాక, అవతలి మెట్ట పక్కన పారే రోజుల మాట.

రాజుల కథలు మీరు చాలా విన్నారు. రాజుగారి గుర్రం పేరు చెబుతారు, కత్తి పేరు చెబుతారు. బాగానే ఉంది. ఆ రాజు నడుముకు చుట్టుకున్న పంచెకు నూలు ఎవరు వడికారు? ఆ ఒక్కటీ ఏ కథా చెప్పదు. ఈ కథ చెబుతుంది.

ఏటి ఒడ్డున పింజలవలస అని ఒక ఊరుండేది. నలభై గడప. నలభై గడపల్లో నలభై రాట్నాలు. పొద్దున వాకిళ్ళు ఊడ్చి, గంజి తాగి, ఆడవాళ్ళంతా రాట్నాలు తెచ్చుకుని వీధి అరుగుల మీద వరసగా కూర్చునేవారు. దాన్ని రాట్నాల వరస అనేవారు. వరసలో కూర్చున్న చెయ్యి ఊరి చెయ్యి. దాని నూలు ఊరి నూలు. దాని మాట ఊరి మాట. ఏ పిల్లను ఎవరికివ్వాలన్నా, ఏ మొగుడికి గడ్డి పెట్టాలన్నా ఆ వరసలోనే తేలేది.

ఆ వరసకు ఒక కట్టు ఉంది. రాట్నం లేని చెయ్యి వరసకు రాదు.

ఎవరు పెట్టారు ఆ కట్టు? ఎవరికీ తెలీదు. ఎవరు పెట్టారో తెలీని కట్టే అన్నిటికంటే గట్టిగా ఉంటుంది.

ఆ ఊళ్ళో తవిటమ్మ అనే పిల్ల ఉండేది. ఆమెకు ముందు ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు. నాలుగో బిడ్డయినా నిలవాలని తల్లి ఆ పసిగుడ్డును పొరుగింటావిడ చేతిలో పెట్టి, చేటెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కుంది. తవుడిచ్చి కొన్న బిడ్డ గనక తవిటమ్మ. బిడ్డ నిలిచింది. కొన్న తల్లి నిలవలేదు. తండ్రీ నిలవలేదు. కుమ్మరి ఆవం వెనక పగిలిన కుండల దిబ్బ ఒకటుంటే, దాని పక్కన తాటాకు పాకలో ఒక్కతే పెరిగింది.

దూది దువ్వడం ఆమె పని. ఆ నేల పత్తి మొండి పత్తి. గింజను వదలదు. వాలుగ చేప దవడ ఎముకకు దువ్వెనకున్నట్టు సన్నపళ్ళుంటాయి. దానితో గింజ మీది దూదిని దువ్వాలి, నెమ్మదిగా, పసిపిల్ల తల దువ్వినట్టు. అప్పుడు గాని సన్ననూలు రాదు. నలభై ఇళ్ళ దూదీ తవిటమ్మ చేతి మీదుగానే రాట్నాల దాకా వెళ్ళేది. ఆ చెయ్యి మాత్రం రాట్నం దాకా వెళ్ళకూడదు. ఎలా ఉంది న్యాయం?

ఈడొచ్చాక తవిటమ్మ మూడు గడపలు తొక్కింది.

మొదట వడ్రంగి గడప.

"మావా, నాకో రాట్నం సేసి పెట్టవా?"

"సేస్తాను. టేకు సెక్కుందేటి?"

"లేదు."

"మరేటుంది నీ కాడ?"

"సెయ్యుంది."

"సెయ్యితో రాట్నం ఎలా సేస్తానే గుంటా!" అని నవ్వి వడ్రంగి బాడిస ఎత్తుకున్నాడు.

తర్వాత, అత్త పోయిన ఒక కోడలి గడప. అటక మీద అత్త రాట్నం బూజు పట్టి ఉంది.

"వదినా, అటక మీద రాట్నం వొట్టినే ఉంది కదా, నాకియ్యవా?"

"అది మా అత్త ముట్టిన రాట్నం. పొయ్యిలోనైనా పెడతాను గాని, పరాయిదాని సేతిలో పెట్టను."

మూడోది సన్యాసమ్మ గడప. సన్యాసమ్మంటే రాట్నాల వరసకు పెద్ద. ఆమె వడికిన నూలు చిలప, అంటే నూలు చుట్ట, మొత్తం వేలి ఉంగరంలోంచి దూరి వచ్చేది. ఆమె నోరు మాత్రం ఏ ఉంగరంలోనూ పట్టేది కాదు.

"అప్పా, నువ్వు అన్నం తిన్నంతసేపు నీ రాట్నం తిప్పనీ. అంతే. మల్లీ అడగను."

"ఏకై వచ్చి మేకై కూకుంటావేటే? సెయ్యి మారితే కదురు వంకరపోతాది. ఎల్లు, ఎల్లి దూది దువ్వుకో."

తవిటమ్మ వెళ్ళిపోయింది. పెంకుల దిబ్బ మీద కూర్చుంది. ఏడ్చిందా? ఏడ్చే ఉంటుంది. ఈ కథ చెప్పినవాళ్ళెవరూ అది చూడలేదు. చూసింది చెబుతాను.

దిబ్బలోంచి ఒక పెంకు తీసింది. అంచులు రాయితో చితక్కొట్టింది. తడిరాతి మీద అరగదీసింది. గుండ్రంగా రూపాయంత బిళ్ళ అయింది. మేకు మొనతో నడుమ తొలిచింది. టప్పున రెండు ముక్కలైంది.

రెండో పెంకు తీసింది. ఈసారి ఇటునుంచి సగం, అటునుంచి సగం తొలిచింది. చిల్లు పడింది. వెదురు పుల్ల చెక్కి అందులో దిగ్గొట్టింది. బండ మీద నిలబెట్టి తిప్పితే తాగినవాడిలా తూలింది. ఒక పక్క బరువు.

మూడో పెంకు తీసింది. అరగదీసింది, తిప్పి చూసింది. తూలిన పక్క మళ్ళీ అరగదీసింది, మళ్ళీ తిప్పి చూసింది. పుల్ల కొసన చిన్న గంటు పెట్టింది, దారం జారకుండా. దువ్వగా మిగిలిన రాలుదూదిని ఏకులా చుట్టి, కొస గంటుకు తగిలించి, బిళ్ళను గాలిలో వదిలింది.

తిప్పింది. లాగింది. చుట్టింది.

నూలు వచ్చింది.

ఇక ఆ రోజు నుంచీ తవిటమ్మ చేతిలో పెంకు తిరుగుతూనే ఉండేది. నీళ్ళకు వెళుతూ తిప్పింది. పుల్లలకు వెళుతూ లాగింది. గట్టు దిగుతూ చుట్టింది. ఊరు నవ్వింది. "పెంకు తవిటీ, రాట్నం ఎక్కడే?" అంటే, "నడుస్తున్నాది, కనబడ్లేదేటి?" అనేది.

ఒకనాడు కండె నిండా నూలు చుట్టి సన్యాసమ్మకు చూపించింది. సన్యాసమ్మ వేళ్ళతో నులిమి చూసింది. సన్నగా ఉంది. గట్టిగా ఉంది. ఆ సంగతి సన్యాసమ్మ వేళ్ళకు తెలిసింది. కానీ నోరేమంది?

"వత్తులకి పనికొస్తాదిలే."

ఇక్కడిదాకా ఊరి కథ. ఇప్పుడు కోట వస్తుంది.

కోటలో ఒక దొర ఉండేవాడు. ఎక్కడో పెళ్ళికి వెళితే, ఇంకో దొర ఒంటి మీద పింజలవలస నూలు పంచె చూశాడు. అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. నా ఏరు, నా నేల, నా ఊరు. నా ఊరి నూలు ఇంకొకడి నడుముకా? కోటలో నూలు వడికే పెద్ద సాల కట్టించాడు. దానికి ఒకటే తలుపు. తన పెద్దబంటు దాలినాయుణ్ణి పింజలవలస పంపాడు.

దాలినాయుడు మొదటిసారి వచ్చి చాటింపు వేయించాడు. "రేపట్నుంచి ఆడోళ్ళంతా కోట సాలలో వడకాలి. పొద్దు పొడిస్తే తలుపు మూస్తారు, పొద్దు గూకితే తీస్తారు. పిల్లల్ని తేకూడదు."

వరస నవ్వింది. ఎవరూ వెళ్ళలేదు.

రెండోసారి వచ్చి బతిమాలాడు. "దొరగారు పూటకి బువ్వెడతారు, ఏడాదికి కోకెడతారు."

"మేం వడికిన నూలుకి మాకే కోకెడతారేటి! ఎంత దయో!" అంది సన్యాసమ్మ. ఎవరూ వెళ్ళలేదు.

మూడోసారి ఏడు బళ్ళతో వచ్చాడు. ఇంటింటికీ వెళ్ళి రాట్నాలు ఈడ్చుకొచ్చి బళ్ళకెత్తించాడు. నలభై ఇళ్ళ రాట్నాలూ, అటక మీది ఆ బూజు రాట్నంతో సహా. మగ్గాలు మాత్రం నేలలో గుంట తవ్వి పాతినవి. అవి బండెక్కవు. అందుకని బతికిపోయాయి.

సన్యాసమ్మకు ఒళ్ళు మండింది. ఆమె నోటి సంగతి చెప్పాను కదా. బండికి అడ్డంగా నిలబడింది.

"రాట్నాలు పట్టుకెల్తే మేం ఒచ్చీసి నీ సాలలో కూకుంటామనుకున్నావేటి? నూలు రాట్నంలో ఉందనుకున్నావా? మా సెయ్యిలో ఉంది!"

దాలినాయుడు మీసం దువ్వాడు. "అలాగేటి? అయితే ఆ సెయ్యితోనే సూపించు. ఇయ్యాలకి పున్నమి పదిహేను రోజులు. మీ నూలుతో పది మూరల పంచె నేసి దొరగారి ముందెట్టండి. ఎడితే రాట్నాలు మల్లీ తెచ్చి మీ ఇంటికాడ దించుతాం, ఈ ఊరి పొలిమేర తొక్కం. ఎట్టలేదా, నోరు మూసుకుని సాలకి నడవండి."

"ఎడతాం!" అంది సన్యాసమ్మ.

బళ్ళు వెళ్ళిపోయాయి. దుమ్ము అణిగింది. అప్పుడు గాని ఆమెకు తెలిసిరాలేదు, తన నోరు ఊరినంతా ఎక్కడ పెట్టిందో. పున్నమి దాటితే నలభై మంది తల్లులూ ఆ ఒంటి తలుపు లోపల. పాలు తాగే పిల్లలు బయట.

మర్నాడు పొద్దున ఆడవాళ్ళు అలవాటు కొద్దీ అరుగుల మీదికి వచ్చి కూర్చున్నారు. ముందర రాట్నాలు లేవు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు, తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. ఖాళీ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆ ఊరి ఆడవాళ్ళకు తెలీదు.

వీధి మొదట్నుంచి తవిటమ్మ వచ్చింది. నెత్తిన గంప. గంపలో పెంకులు. వచ్చి వరసలో, సన్యాసమ్మ పక్కన చతికిలబడింది.

"ఒలే! రాట్నం లేని సెయ్యి వరసకి రాదు, తెలీదేటే?" అందొక ఆవిడ.

తవిటమ్మ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసింది.

"ఇయ్యాల ఎవులికుందమ్మా రాట్నం?"

తవిటమ్మ గంప బోర్లించింది. అరుగు మీద పెంకులు గలగలలాడాయి.

"పద్నాలుగు రోజులుంది. అరగదీయడానికి ఒక రోజు. తొలవడానికి ఒక రోజు. తిప్పడం రావడానికి మూడు రోజులు. నేతకి నాలుగు రోజులు తీసీయండి. మిగిలింది ఐదు. నలభై సేతులకి ఐదు రోజులు సాలవేటి?"

గరగర మొదలైంది. ఊరు ఊరంతా గరగర. తిరగలి రాళ్ళ మీద, నూరే బండల మీద, ఇంటి గడప రాళ్ళ మీద పెంకులు అరిగాయి.

సన్యాసమ్మ మాత్రం గంపలోంచి అన్నిటికంటే పెద్ద పెంకు ఏరుకుంది. నీళ్ళకాగు అడుగు పెంకు, బొటనవేలంత మందం. పెద్ద చేతికి పెద్ద పెంకు ఉండాలని ఆమె లెక్క. ఆమె రాట్నం కూడా ఊళ్ళోకెల్లా పెద్దది కదా.

"అప్పా, అది వొద్దు," అంది తవిటమ్మ.

"నువ్వు నాకు సెప్పకు."

తిప్పింది. దారం తెగింది. పెంకు కాలి మీద పడింది.

"అప్పా, అది బరువు."

"నువ్వు పుట్టక ముందునుంచీ వడుకుతున్నాను."

తిప్పింది. దారం తెగింది. పెంకు అదే కాలి మీద పడింది. చుట్టూ ఉన్నవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మూడోసారి కూడా పడ్డాక, సన్యాసమ్మ కాలు పట్టుకుని కూలబడింది. ఊళ్ళో అందరికంటే సన్నగా లాగే చెయ్యి ఆమెది. రాట్నం మీద కదురు పడుకుని ఉంటుంది, దారం మీద బరువు పడదు. పెంకు అలా కాదు, దారానికి వేలాడుతుంది. ఎంత సన్నం లాగితే అంత తొందరగా తెగుతుంది. ఊరంతటిలో మంచి చెయ్యే అందరికంటే ముందు ఓడింది.

"సరేనే," అంది చివరికి, నేలకేసి చూస్తూ. "ఏ పెంకో నువ్వే సెప్పు."

తవిటమ్మ నవ్వలేదు. అది ఆమె గొప్పతనం. నేనైతే నవ్వేదాన్ని. చిట్టిముంత బొజ్జ పెంకు ఒకటి తీసింది, ఆకులా పలచన. వెదురు పుల్లకు బదులు చీపురు పుల్ల గుచ్చింది. "నీ దారం బరువు మొయ్యదప్పా. కిందన కొబ్బరి సిప్ప పెట్టు. మొనని అందులో ఆనించి తిప్పు. అప్పుడు బరువు సిప్ప మోస్తాది, నువ్వు దారం లాగు."

సన్యాసమ్మ తిప్పింది. లాగింది. చుట్టింది.

దారం తెగలేదు. సాలీడు వదిలిన పోగులా వచ్చింది.

"ఒసే తవిటీ," అంది సన్యాసమ్మ మెల్లిగా, "ఆనాడు నాను వత్తులకన్నాను సూడూ..."

"ముందు లాగప్పా. తిట్టుకోడానికి తర్వాత బోలెడు రోజులున్నాయి."

పింజలవలసలో నూలు వడుకుతున్నారన్న మాట కోటకు చేరింది. దాలినాయుడు పదిమంది బంట్లతో దిగాడు. అరుగుల మీద తిరుగుతున్న పెంకులన్నీ లాక్కుని బండకేసి కొట్టించాడు. ఫట్. ఫట్. ఫట్. వీధంతా ఎర్రని ముక్కలు.

తవిటమ్మ నవ్వింది.

"ఏటే నవ్వుతున్నావు?"

"కోప్పడకండి బాబూ. పెద్ద పెంకుని రెండు సేయడానికి రాయెత్తి రాయెత్తి నా రెక్క పడిపోతున్నాది. తమరే సేసి పెట్టినారు. సన్న నూలుకి సిన్న బిళ్ళలే మంచివి."

వెనక నుంచి ఒకావిడ కాగు పట్టుకొచ్చింది. "బాబూ, ఇది బీటలేసింది. దీనికీ ఒక్క దెబ్బెయ్యి, పున్నెముంటాది."

"మాది గోలెముంది నాయనా, మాకు లేవదు!"

"మా ఆయన బుర్రుంది, అది పగల్దు గాని, మట్టి సట్టొకటుంది, పట్టుకు రానా?"

బంట్లే నవ్వాపుకోలేకపోయారు. దాలినాయుడు గుర్రం ఎక్కేశాడు. నవ్వు నవ్వే గాని, ఆ రోజు పని పోయింది. అదీ నిజమే. మర్నాడు మళ్ళీ గరగర.

మూడో నాడు మిట్టమధ్యాహ్నం దాలినాయుడు బంట్లెవరూ లేకుండా వచ్చాడు. ఊళ్ళోకి కాదు, పెంకుల దిబ్బ పక్కన పాక దగ్గరికి. వెంట ఒక బండి, దాన్ని తోలేవాడు. బండిలో ఒక రాట్నం. టేకు చక్రం, ఇత్తడి పట్టీలు. దించి తవిటమ్మ ముందు పెట్టాడు.

"ఇది నీది. ఊళ్ళోవోల్లు నిన్నెప్పుడైనా రాట్నం ముట్టనిచ్చినారా? నాను ఇస్తున్నాను. ఇది పట్టుకుని పున్నమి దాకా ఏ పొరుగూరికో, ఎక్కడికో ఎల్లిపో. అంతే. ఎవులికీ ఏటీ సెప్పొద్దు."

తవిటమ్మ రాట్నం పక్కన కూర్చుంది. చక్రం మీద చెయ్యి వేసింది. ఒక్కసారి తిప్పింది. గుమ్మని పాడింది చక్రం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ పాట ఆమె గోడ అవతల నుంచే విన్నది. కళ్ళు మూసుకుని, అది ఆగిపోయేదాకా విన్నది. మీరైతే ఏం చేసేవారు? తొందరగా చెప్పకండి.

చక్రం ఆగాక కళ్ళు తెరిచింది.

"బాబూ, ఈ పిడికి బొటనేలి అరుగుడుంది సూసినారా? ఇది మా సన్యాసమ్మప్పది."

"ఇప్పుడు నీది."

"మొన్న అప్పది. ఇయ్యాల నాది. రేపు?" తవిటమ్మ లేచి నడుములోంచి పెంకు కదురు తీసింది. "ఇచ్చినోడు పట్టుకెల్లగలడు బాబూ. ఈ పెంకు నాకెవులూ ఇయ్యలేదు. అందుకే ఎవులూ పట్టుకెల్లలేరు. బండెక్కించీయండి."

ఆ మాట ఊళ్ళో ఎవరికీ ఆమె చెప్పలేదు. బండి తోలినవాడు చెప్పాడు. వాడి పుణ్యమాని మనకు తెలిసింది.

పున్నమి నాడు పొద్దున్నే నలభై మంది ఆడవాళ్ళూ కోటకు బయల్దేరారు. సన్యాసమ్మ నెత్తిన పంచె. తవిటమ్మ చివర్న ఉంటే చెయ్యి పట్టి ముందుకు లాక్కొచ్చింది. దారి పొడుగునా పెంకులు తిరుగుతూనే ఉన్నాయి.

దొర పంచె విప్పించాడు. పది మూరలు. వెలుతురుకు పెట్టి చూశాడు. అవతలి మనిషి మొహం కనపడింది. వేలి ఉంగరం తీసి పంచె కొసను అందులో దూర్చాడు. పది మూరలూ నీళ్ళలా జారి వచ్చేసింది.

దొర మొహం మాడింది. "పెంకుతో ఇలాంటి నూలా? అబద్ధం. మీరు రాట్నం దాచేరు."

సన్యాసమ్మ నోరు తెరవబోయింది. తవిటమ్మ ఆపింది.

"నా కదురు సూపిస్తే అందులో మంత్రముందంటారు. వొద్దు బాబూ. తమరి కుండే ఒకటి పగలగొట్టించండి."

సభ ఉలిక్కిపడింది. దొరకు పౌరుషం వచ్చింది. తాను మంచినీళ్ళు తాగే ముంత తెప్పించి తన చేత్తోనే నేలకేసి కొట్టాడు. తవిటమ్మ ముక్కలన్నీ చేత్తో బరువు చూసి ఒకటి ఏరుకుంది. కోట మెట్టు మీద నీళ్ళు చల్లి కూర్చుంది. గరగర. మంత్రి మాట్లాడబోయాడు, గరగర. భట్టు పద్యం ఎత్తుకోబోయాడు, గరగర. పూటంతా ఆ సభ ఒక పేదపిల్ల పెంకు అరగదీసే చప్పుడు వింటూ కూర్చుంది. అంతకంటే గొప్ప సభ ఆ కోటలో మళ్ళీ జరగలేదు.

బిళ్ళ అయింది. తొలిచింది. పుల్ల గుచ్చింది.

తిప్పింది. లాగింది. చుట్టింది.

దొర సింహాసనం దిగొచ్చి ఆ దారాన్ని ముట్టుకున్నాడు.

"ఈ పని నీకెవరు నేర్పారే?"

"రాట్నం ఇయ్యనోళ్ళు నేర్పినారు బాబూ."

దొర దారం మీంచి చెయ్యి తీసేశాడు. తవిటమ్మ వెనక నిలబడ్డ నలభై మందీ తలలు దించుకున్నారు. ఆ మాట ముందుకెంత తగిలిందో వెనక్కీ అంతే తగిలింది.

ఏడు బళ్ళ రాట్నాలూ ఊరికి తిరిగొచ్చాయి. అరుగుల దగ్గర దించగానే సన్యాసమ్మ తన రాట్నం తుడిచి తవిటమ్మ ముందు పెట్టింది.

"కూకో. నీ సెయ్యి పడితే కదురు వంకరపోదు. అన్నది నాను, తప్పన్నాను."

తవిటమ్మ కూర్చుంది. ఒక ఏకు మొత్తం వడికింది. ఊరంతా చూస్తూ నిలబడింది.

"ఎలాగుందే?"

"బావుందప్పా," అంది తవిటమ్మ లేస్తూ. "గాని, దీన్ని పట్టుకుని దారెంట నడవలేను."

అని గంప ఎత్తుకుంది. రాట్నం లేని చెయ్యి పింజలవలసలో ఒక్కటే ఉండేది. ఏటికి ఆ పక్కా ఈ పక్కా ఊళ్ళలో వందలున్నాయి. ఊరూరా తిరిగింది. గొర్రెలు కాసే పిల్లలకు నేర్పింది. ఉప్పు మోసే ఆడవాళ్ళకు నేర్పింది. కొండ దిగి సంతకొచ్చే వాళ్ళకు నేర్పింది. పెళ్ళాడావా అంటే "తీరిక లేదు" అనేది. ఇల్లెక్కడంటే "కుండ పగిలిన సోటల్లా" అనేది. జుట్టు దూదిలా నెరిసేదాకా అలాగే తిరిగింది.

ఒక ఎండాకాలం, పేరు తెలీని ఊళ్ళో, గోడకు చేరగిలబడి వడుకుతూ వడుకుతూ ప్రాణం విడిచింది. దారం తెగలేదట. చేతిలో ఏకు, కింద పెంకు, నడుమ దారం.

ఆడమనిషి పోతే పుట్టింటి బట్ట పడాలి. అది పడందే కట్టె కదలదు. ఆ ఊరివాళ్ళు అడిగారు: "ఈమె పుట్టింటోళ్ళెవులు?"

కబురు పింజలవలస చేరింది. సన్యాసమ్మ అప్పటికి ముసలిదై నడుం వంగిపోయింది. కర్ర పట్టుకుని కోక చంకన పెట్టుకుని వచ్చింది. "నానే. నాను పుట్టింటిదాన్ని." ఆమె మాట పూర్తి కాకుండానే గొర్రెలు కాసే పిల్లలు వచ్చారు, "మేం." ఉప్పు ఆడవాళ్ళు వచ్చారు, "మేం." కొండవాళ్ళు వచ్చారు, "కాదు, మేం." శవం ముందు ఇంత గొడవ ఎవరూ ఎరగరు. చివరికి సన్యాసమ్మే కర్ర నేలకేసి కొట్టి తీర్చింది.

"ఒకల్లం తెస్తే ఒకల్ల బిడ్డయిపోద్ది. అలా వొద్దు. తలా ఓ మూర నూలియ్యండి."

తలా ఓ మూర ఇచ్చారు. రాట్నం నూలు కాదు, పెంకు నూలు. అక్కడికక్కడే మగ్గం వేసి నేశారు. ఒక పక్క మొరటుగా, ఒక పక్క సన్నగా, ఒక పక్క గొర్రెబొచ్చు కలిసి, ఏ దొరా కట్టని బట్ట ఒకటి తయారైంది. అది కప్పుకుని తవిటమ్మ వెళ్ళింది.

రాళ్ళ కోటలు కట్టినవాళ్ళ పేర్లు ఆ దొరతోనే పోయాయి. ఆ దొర పేరేమిటో నాకూ తెలీదు, మీరూ అడగలేదు. తవిటమ్మ పేరు మాత్రం ఏటి రెండొడ్డుల్లోనూ ఉంది. ఇప్పటికీ ఆ ఊళ్ళలో నా అన్నవాళ్ళు లేని ఆడమనిషి కన్నుమూస్తే పుట్టింటి బట్ట ఆగదు. ప్రతి గడప నుంచీ ఒక మూర నూలు వస్తుంది. దాన్ని తవిటమ్మ మూర అంటారు. తెలియక ఏ పొరుగూరి మనిషో "ఈమె పుట్టింటోళ్ళెవులు?" అని అడుగుతాడు.

వీధి వీధంతా లేచి నిలబడి చెబుతుంది.

"మేమే."